రూమ్‌మేట్స్ పిల్లికి డీక్లా (గోళ్లు తీసేసే ఆపరేషన్) చేయించమంటున్నారు, ఇంట్లో పగ్ కుక్కపిల్ల కూడా ఉంది, గోళ్లు ఎలా మేనేజ్ చేయాలి?

మిరియం_వాళ్లక్క:

అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టే అవుతుంది, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మేం టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో, ముగ్గురం అమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్ షేర్ చేసుకుని ఉంటున్నాం. నాకొక పిల్లి ఉంది, పేరు మిరియం, పూర్తిగా నలుపు, షెల్టర్ నుంచి పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకున్నా, ఇప్పుడు దానికి రెండేళ్లు. ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు. ఈ మధ్య మా రూమ్‌మేట్ ఒక పగ్‌ని తెచ్చుకుంది, వాడి పేరు లడ్డు, ఇంకా ఏడాది నిండలేదు. వాడు మంచోడే, కరవడం అరవడం ఏం లేదు, కానీ మిరియం కనపడితే చాలు ఆడుకుందాం రా అన్నట్టు మొహంలో మొహం పెట్టి మీద పడిపోతాడు. ఇది ముందు బుస్సుమంటుంది, వాడు వినడు, అప్పుడు చేత్తో ఒక్కటిస్తుంది. పోయిన వారం వాడి ముక్కు పైన గీరుకుపోయి రక్తం వచ్చింది, కంటికి చాలా దగ్గర్లో. మా రూమ్‌మేట్ ఏడ్చేసింది, నాకూ చాలా బాధేసింది.

దానికి తోడు సోఫా. ఇండియా వెళ్లిపోతున్న ఒక ఫ్యామిలీ మూవింగ్ సేల్‌లో పెడితే ముగ్గురం డబ్బులేసుకుని కొన్నాం, దాని చేతులు రెండూ పీచులు పీచులుగా లాగేసింది. రాత్రి నా రూమ్‌లో పెట్టి తలుపేస్తే తలుపు కింద కార్పెట్ గీకుతోంది, అక్కడ దారాలు లేచిపోయాయి, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో పట్టుకుంటారని ఇంకో రూమ్‌మేట్ భయం.

ఇప్పుడు ఇద్దరూ డీక్లా చేయించెయ్ అంటున్నారు. ఆఫీస్‌లో ఎవరో వాళ్ల పిల్లికి చేయించారంట, లేజర్‌తో చేస్తారు నొప్పి ఉండదు రెండ్రోజుల్లో మామూలైపోతుంది అన్నారంట. ఖర్చు కూడా ముగ్గురం పంచుకుందాం అంటున్నారు, అంటే వాళ్లు చెడ్డగా ఏం అనట్లేదు, నిజంగానే కుక్కపిల్ల కన్ను పోతుందేమోనని వాళ్ల భయం. కానీ నాకు మనసొప్పట్లేదు. మన ఊళ్లో పిల్లికి గోళ్లు తీయించడం అనే మాటే నేనెప్పుడూ వినలేదు. పైగా షెల్టర్ వాళ్ల కాగితాల్లో డీక్లా చేయించను అని సంతకం పెట్టి తెచ్చుకున్నా.

నేను అడిగేవి ఇవి. దీని గోళ్లు కూడా నల్లగా ఉన్నాయి, లోపల రక్తం ఉండే భాగం ఎక్కడిదాకా ఉందో కనపడదు, కట్ చేయాలంటే చేతులు వణుకుతున్నాయి, ఎలా చేయాలి? గోళ్లకి అంటించే క్యాప్స్ ఉంటాయి కదా అవి పని చేస్తాయా, ఊడిపోతే లడ్డు మింగేస్తే ఏంటి పరిస్థితి? స్క్రాచింగ్ పోస్ట్ ఒకటి కొన్నా, కార్పెట్ చుట్టిన చిన్నది, దాని వంక కూడా చూడట్లేదు. ఇంకోటి, అమ్మ వచ్చే నెలలో వస్తోంది, ఆరు నెలలు ఉంటుంది, అమ్మకి షుగర్, పిల్లి గీరితే పుండు మానదేమోనని అదో టెన్షన్. రెండు జంతువులున్న ఇంట్లో ఇదంతా ఎవరైనా సర్దుకున్నవాళ్లుంటే చెప్పండి, రూమ్‌మేట్స్‌కి కూడా చదివి వినిపిస్తా.


వెట్‌టెక్_ఒహాయో:

నేను ఒహాయోలో ఒక పెట్ క్లినిక్‌లో వెట్ టెక్నీషియన్‌గా చేస్తున్నానమ్మా, మా దగ్గరికి ఇలా అడుగుతూ వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి వివరంగా రాస్తా, మీ రూమ్‌మేట్స్‌కి ఇది తప్పకుండా వినిపించు.

డీక్లా అంటే గోరు పీకడం కాదు. పిల్లి గోరు వేలి చివరి ఎముకలోంచే పుడుతుంది, కాబట్టి గోరు మళ్లీ రాకుండా ఉండాలంటే ఆ ఎముకనే తీసేయాలి. అంటే మన వేలు చివరి కణుపు దగ్గర కోసేసినట్టు, ముందు కాళ్లు రెండిటికీ కలిపి పది వేళ్లకి. లేజర్ అయినా బ్లేడ్ అయినా తీసేది అదే ఎముక, లేజర్‌తో రక్తం కొంచెం తక్కువ పోతుంది అంతే తేడా. పిల్లి నడిచేదే వేళ్ల మీద, ఆ చివర్లు లేకపోతే బరువు పడే తీరే మారిపోతుంది. కొన్నిటికి ఎముక ముక్క లోపల మిగిలిపోయి ఏళ్ల తరబడి నొప్పి ఉంటుంది, లిట్టర్‌లో (పిల్లి దొడ్డికెళ్లే ఇసుక డబ్బాలో) కాలు పెడితే ఇసుక గుచ్చుకుని బయట పోయడం మొదలుపెడతాయి, నడుము నొప్పి వస్తుంది. అన్నిటికీ ఇలా అవుతుందని నేననను, కానీ అయిన పిల్లుల్ని నేను చూస్తూనే ఉన్నా, వాటిని వెనక్కి బాగుచేసే దారి పెద్దగా లేదు.

మీ ఇంటి విషయంలో ఇంకా ముఖ్యమైంది ఏంటంటే, గోళ్లు లేని పిల్లికి మీదకొచ్చే కుక్కని ఆపడానికి మిగిలేది పళ్లు. చేత్తో ఒక్కటిచ్చి ఊరుకునేది కాస్తా కరుస్తుంది. లడ్డు కన్ను కోసం చేయిద్దాం అనుకుంటున్నారు కదా, వాడికీ మీకూ కూడా కాటు గీత కంటే చాలా డేంజర్.

అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ వాళ్లే దీన్ని వద్దంటారు, పిల్లుల డాక్టర్ల అసోసియేషన్ అయితే గట్టిగా వ్యతిరేకిస్తుంది. న్యూయార్క్ 2019లో రాష్ట్రం మొత్తం బ్యాన్ చేసింది, అమెరికాలో అదే ఫస్ట్, తర్వాత మేరీలాండ్ 2022లో, వర్జీనియా 2024లో, మసాచుసెట్స్ 2025లో చేశాయి. మీ టెక్సాస్‌లో రాష్ట్రం మొత్తానికి లేదు గానీ ఆస్టిన్ సిటీలో 2021 నుంచి బ్యాన్ ఉంది. ఎవరైనా టెండాన్ కట్ చేసే ఇంకో సర్జరీ ఉంది, ఎముక తీయక్కర్లేదు అని చెప్పినా ఒప్పుకోకు, అందులో గోరు అలాగే పెరుగుతుంది, పిల్లి దాన్ని బయటికి చాచి అరగదీసుకోలేదు, జీవితాంతం మీరే కట్ చేస్తూ ఉండాలి, లేకపోతే వంగి అరికాల్లోకి దిగుతుంది.

ఇప్పుడు కట్ చేయడం. పిల్లికి మొత్తం 18 గోళ్లు, ముందు కాలికి ఐదు చొప్పున, వెనక కాలికి నాలుగు చొప్పున. సోఫాని, పగ్‌ని గీరేవి ముందువే, వాటిని రెండు వారాలకోసారి, వెనకవి నెలకోసారి చూసుకుంటే చాలు. పిల్లులకని చిన్న కత్తెర లాంటి క్లిప్పర్ దొరుకుతుంది, అదే కొను, మనుషుల నెయిల్ కట్టర్ వాడితే గోరు నలిగి చీలుతుంది. వేలి పైన, కింద మెత్తగా నొక్కితే గోరు బయటికొస్తుంది. నల్ల గోరైతే పక్క నుంచి ఫోన్ టార్చ్ పెట్టి చూడు, చాలాసార్లు లోపల ముదురు భాగం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. తెలియకపోయినా కంగారు లేదు, చివర కొక్కెంలా బాగా వంగి సన్నబడిన ముక్క ఉంటుంది చూడు, అది ఒక్కటే, ఒకటి రెండు మిల్లీమీటర్లు తీసేస్తే చాలు. మనకి కావాల్సింది గోరు పొట్టిగా ఉండటం కాదు, ఆ సూది మొన పోవడం. మొన పోతే కుక్క చర్మంలో దిగదు, సోఫా దారంలో తగులుకోదు.

బొటనవేలి గోరు మర్చిపోవద్దు, లోపలి పక్కకి పైన ఉంటుంది, అది నేలకి తగలదు, అరగదు, వదిలేస్తే గుండ్రంగా తిరిగి అరికాలి మెత్త లోపలికి గుచ్చుకుపోతుంది.

ఒకేసారి పది గోళ్లూ అయిపోవాలని కూర్చోవద్దు. ముందు కొన్ని రోజులు కత్తెర లేకుండా ఊరికే పాదం పట్టుకో, వేలు నొక్కు, వెంటనే అది నాక్కునే క్రీమ్ ట్రీట్ కొంచెం పెట్టు. అది అలవాటయ్యాక రోజుకి ఒకటి రెండు గోళ్లు, తిని నిద్ర ముంచుకొస్తున్నప్పుడు. కాలు లాక్కుంటే వదిలెయ్. మెడ పట్టి ఎత్తి, బలవంతంగా అదిమి చేస్తే మళ్లీసారి కత్తెర చూస్తేనే మంచం కిందకి దూరుతుంది. ఒకవేళ కొంచెం లోపలికి తెగి రక్తం వచ్చినా స్టిప్టిక్ పౌడర్ అద్దు, అది లేకపోతే కార్న్ ఫ్లోర్ అద్ది ఒక రెండు నిమిషాలు నొక్కి పట్టుకో, ఆగిపోతుంది. అస్సలు వల్ల కాకపోతే ఏ క్లినిక్‌లో అయినా, పెట్ స్టోర్ గ్రూమర్ దగ్గరైనా గోళ్లు మాత్రమే కట్ చేసి పంపిస్తారు, మొదటిసారి అక్కడ చేయించి ఎంత కట్ చేశారో దగ్గరుండి చూడు, భయం సగం పోతుంది.


మిరియం_వాళ్లక్క:

అక్కా చాలా థాంక్స్, ఎముక తీస్తారని వాళ్లిద్దరికీ అస్సలు తెలీదు, చదువుతుంటేనే లడ్డు వాళ్లమ్మ, అంటే వాణ్ని తెచ్చుకున్న రూమ్‌మేట్, మొహం మారిపోయింది. డీక్లా మాట అక్కడితో ఆగింది. కానీ తనడిగేది ఒకటే, మొన తీసినా కంటికి తగిలితే? పగ్ కళ్లు బయటికే ఉంటాయి కదా. దానికి ఎవరైనా చెప్పండి.


పగ్గూ_పిల్లీ_ఫ్రీమాంట్:

తన భయం నిజమేనండి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మా ఇంట్లో రెండు పగ్స్, ఒక పిల్లి. పగ్స్‌కి కంటి గుంట లోతు తక్కువ, కన్ను ముందుకి పొడుచుకుని ఉంటుంది, మిగతా కుక్కలకి ముక్కు ముందు తగులుతుంది, వీటికి ముక్కే లేదు కాబట్టి దెబ్బ నేరుగా కంటికే. గీత పడితే కన్ను సగం మూసి ఉంచడం, నీళ్లు కారడం, ఎర్రబడటం, కాలితో రుద్దుకోవడం, కంటి మీద నీలంగా పొగ పట్టినట్టు ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు, రాత్రైతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కంట్లో రంగు వేసి లైట్ పెట్టి చూస్తారు, పుండు ఉంటే పచ్చగా మెరుస్తుంది. అప్పటిదాకా రుద్దుకోకుండా మెడ చుట్టూ గరాటు లాంటి కోన్ పెట్టండి. ఇంకో ముఖ్యమైన మాట, ఇంట్లో పాత కంటి చుక్కలు ఉన్నాయి కదా అని వేయకండి, వాటిల్లో స్టెరాయిడ్ ఉంటే కంటి మీద పుండు మానకపోగా ఇంకా లోతుకి పోతుంది.

ఇక అసలు విషయం, నా లెక్కలో మీ ఇంట్లో సగం పని పిల్లి గోళ్ల దగ్గర కాదు, లడ్డు దగ్గర ఉంది. మీరు రాసింది చూడండి, అది ముందు బుస్సుమంటుంది, వాడు వినడు, అప్పుడే కొడుతుంది. అంటే అది చాలా మర్యాదగా చెప్పి చూస్తోంది. ఆ బుస్సుమనడాన్ని మీరు ఎప్పుడూ తిట్టకండి, తిట్టి తిట్టి అది మానేస్తే ఇక చెప్పకుండా కొట్టడమే. బుస్సుమన్నప్పుడు మనం లేచి కుక్కని పక్కకి తీసుకెళ్లాలి.

మేం చేసింది చెప్తా. కొన్ని వారాలు హాల్లో పిల్లి ఉన్నంతసేపు కుక్కకి లీష్ ఉండాల్సిందే, ఇంట్లో అయినా సరే, తేలికైన లీష్, మనిషి చేతిలో ఉండాలి. పిల్లిని చూసి మళ్లీ మన వైపు తిరిగితే వెంటనే ఒక ట్రీట్. పిల్లి వంక చూసి నోరు మూసుకుని కూర్చున్నా ట్రీట్. పరిగెత్తించడం మాత్రం ఒక్కసారి కూడా జరగనివ్వకూడదు, వాడికి అది ఆట, దానికి ప్రాణభయం, ఒకసారి మజా తెలిస్తే మాన్పించడం చాలా కష్టం. పగ్స్ తిండికోసం ఏదైనా చేస్తాయి కాబట్టి మీ పని ఈజీనే, కాకపోతే ఆ ట్రీట్స్ రోజు తిండిలోంచి తగ్గించండి, ఊరికే లావెక్కుతాయి.

రెండోది పిల్లికి పారిపోయే దారి. మూలకి దొరికిపోయిన పిల్లే కొడుతుంది, దారి ఉన్న పిల్లి వెళ్లిపోతుంది. మీ రూమ్ గుమ్మానికి తలుపేసే బదులు బేబీ గేట్ పెట్టండి, కింద చిన్న పిల్లి తలుపు ఉన్న గేట్స్ ఉంటాయి, లేదా దూకి వెళ్లిపోతుంది, పగ్ అంత ఎత్తు దూకలేడు. తలుపు తెరిచి ఉంటే కార్పెట్ గీకడం కూడా తగ్గొచ్చు, ఎందుకంటే అది అక్కడ గీకేదే బయటికి రావాలని. హాల్లో ఒక క్యాట్ ట్రీ, కిటికీ దగ్గర, సోఫా మీంచి ఎక్కేట్టు, వాడికి అందనంత ఎత్తు. తిండి గిన్నె కూడా పైనే. లిట్టర్ బాక్స్ మాత్రం గేట్ లోపల, వాడికి దొరక్కుండా, ఒకటి వాడు అందులోది తింటాడు, రెండు అది లోపల కూర్చున్నప్పుడు వాడు గుమ్మంలో కాపు కాస్తే అది ఇంకెక్కడో వెళ్లడం మొదలుపెడుతుంది.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండూ వేరు వేరు గదుల్లో. ఇది మేం ఇప్పటికీ చేస్తాం, రెండూ ఒకే దుప్పటి మీద పడుకునేంత ఫ్రెండ్స్ అయినా సరే.


హనుమకొండ_మియావ్:

సిస్టర్, సోఫా గురించి నేను చెప్త. మా ఇంట్ల మూడు పిల్లులు, ఒక కుక్క, ఇండియాలనే, ఇక్కడ డీక్లా అంటే మా వెటర్నరీ డాక్టర్ సారే కోప్పడ్తడు.

పిల్లి గోకుడు మాన్పియ్యలేం, మాన్పియ్యొద్దు కూడా. గోరు మీద పాత పొర ఊడిపోనీకి గోకుతది, నిద్ర లేవంగనే ఒళ్లు ఇర్సుకోనీకి గోకుతది, అరికాళ్ల వాసన అంటించి ఇది నా జాగ అని చెప్పుకోనీకి గోకుతది. ఇంట్లకి కొత్తగ కుక్క వస్తే ఆ మూడోది ఇంక ఎక్కువైతది, మీ సోఫా పాడైంది గందుకే అనుకుంట, టైమింగ్ చూడు. పోస్ట్ కింద అర్ధచంద్రం లెక్క గోరు పొరలు కనవడితే గోరు ఇరిగిందని పరేషాన్ కావద్దు, గదే ఊడాల్సిన పొర.

నువ్వు కొన్న పోస్ట్ వంక చూస్తలేదంటే కారణం ఉంది. చిన్నది అన్నవ్. పిల్లి వెనక కాళ్ల మీద నిలవడి ముందు కాళ్లు పూర్తిగ చాపితే ఎంత పొడుగుంటదో అంతకన్న ఎత్తుండాలె, మూడు ఫీట్లకి తక్కువైతే పెద్ద పిల్లికి పనికిరాదు. ఊగొద్దు, ఒక్కసారి ఊగి మీద పడ్డదంటే మళ్ల దాని దిక్కు రాదు. కార్పెట్ చుట్టింది అసలే వద్దు, పోస్ట్ మీద కార్పెట్ గోకొచ్చు, తలుపు కింద కార్పెట్ గోకొద్దు అంటే దానికెట్ల తెలుస్తది. మేమైతే మంచం నేసే నులక తెచ్చి ఒక మొద్దుకి దగ్గర దగ్గరగ గట్టిగ చుట్టినం, కింద వెడల్పు చెక్క కొట్టినం, ఏండ్లు వస్తది, తెగితే పైన మళ్ల చుట్టుడే. మీకు అక్కడ హోమ్ డిపోల సైసల్ తాడు దొరుకుతది, నాలుగు ఇంచుల కట్టె, కింద రెండు ఫీట్ల ప్లైవుడ్, ఒక ఆదివారం పని.

కొన్ని పిల్లులకి నిలువు నచ్చదు, అడ్డం కావాలె. మీది తలుపు కింద నేల మీద గోకుతుందంటే దానికి రెండూ కావాలన్నట్టు. ఒక చెక్క మీద గోనె సంచి బిగ్గరగ గుంజి స్టేపుల్ కొట్టి ఆ తలుపు కాడనే ఎయ్యి, అట్టలతోని చేసిన స్క్రాచర్లు అయితే ఇంక సస్తగ వస్తయ్.

జాగ మస్తు ముఖ్యం. చూడనీకి బాగలేదని తీస్కపోయి బాల్కనీల పెడ్తే దండగ. సోఫా చెయ్యి పక్కన్నే, ఆనుకొని, అది ఇప్పుడు గోకుతున్న జాగలనే పెట్టు. సోఫా చేతికి రెండు దిక్కుల అంటుకునే టేప్ ఎయ్యి, జిగట దానికి నచ్చదు, పక్కకే పోస్ట్ ఉంటది, దానికి మలుగుతది. నెలా రెండు నెలలు అలవాటైనంక పోస్ట్‌ని కొంచెం కొంచెం పక్కకి జరుపుకో. దాని కాళ్లు పట్టుకొని పోస్ట్ మీద రుద్ది చూపియ్యకు, గట్ల చేస్తే దూరం పోతది. పోస్ట్ పైన ఒక తాడు బొమ్మ ఆడిపియ్యి, అదే ఎక్కుతది.

క్యాట్నిప్ అని పిల్లులకి ఇష్టమైన ఆకు పొడి ఉంటది, అది చల్లు, కానీ అన్ని పిల్లులకీ అది ఎక్కదు, మా పెద్దదానికి అసలే పట్టది. మా దగ్గర కుప్పింటాకు మొక్క ఉంటది, గోడల పక్కకి మొలుస్తది, దాని వేరు తవ్వి పెడ్తే పిల్లులు దాని మీద దొర్లి దొర్లి పోతయ్. తిననీయొద్దు, వేరు గుడ్డల కట్టి పోస్ట్ పైన వేలాడదీస్త నేను. మీకు టెక్సాస్‌ల దొరకదు గానీ మీ అమ్మ బ్యాగుల మాత్రం పెట్టించకు, మొక్కలు వేర్లు కస్టమ్స్‌ల పట్టుకుంటరు.


క్యాప్స్_వాడినోళ్లం:

క్యాప్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. మెత్తటి వినైల్ తొడుగులు, లోపల జిగురు చుక్క వేసి గోరుకి తొడగాలి, నాలుగు నుంచి ఆరు వారాలకి గోరు పొరతో పాటు అవే ఊడిపోతాయి. పని చేస్తాయి, కానీ గోళ్లు కట్ చేయించుకోని పిల్లి క్యాప్స్ అస్సలు వేయించుకోదు, ముందు కట్ చేసి తర్వాతే తొడగాలి కాబట్టి కట్టింగ్ నేర్పించకుండా ఇది షార్ట్‌కట్ అనుకోవద్దు. సైజ్ సరిగ్గా తీసుకోండి, పెద్దదైతే గోరు లోపలికి ముడుచుకోదు, జిగురు ఎక్కువైతే వేలి మీద బొచ్చుకి అంటుకుని పుండు పడుతుంది. ముందు కాళ్లకే వేయండి, ఎప్పుడూ బయటికెళ్లని పిల్లికే వేయండి. వారానికోసారి ఒక్కోటి చూడాలి, గోరు పెరిగిపోయినా క్యాప్ ఊడకపోతే కట్ చేసి తీసేయాలి, అలాగే వదిలేస్తే గోరు మెత్తలోకి వంగుతుంది. ఒకటి ఊడితే ఆ ఒక్కటి మళ్లీ వేయాలి, లేకపోతే ఆ ఒక్క గోరుతోనే అన్ని పనులూ చేస్తుంది.

లడ్డు మింగడం గురించి, అవి చాలా చిన్నవి, మెత్తవి, మింగినా మామూలుగా బయటికి వచ్చేస్తాయని మా వెట్ చెప్పారు, మా కుక్క విషయంలో అలాగే అయింది. వాంతులు, తిండి మానేయడం ఉంటే మాత్రం వెట్‌కి ఫోన్ చేయండి. నా సలహా ఏంటంటే లడ్డుకి పద్ధతి నేర్పే ఈ రెండు నెలలు వేయండి, పగ్ కళ్లకి అదొక అడ్డు, తర్వాత కట్టింగ్ మీదే నడిపించేయొచ్చు. కొన్ని పిల్లులు క్యాప్స్‌ని రాత్రంతా కొరుకుతూనే ఉంటాయి, మీది అలా చేస్తే పట్టుబట్టకుండా ఆపేయండి.


నైట్‌షిఫ్ట్_నర్స్:

మీ అమ్మగారి గురించి నేను రాస్తాను. షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లోకి వస్తున్నారని డీక్లా చేయించక్కర్లేదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయిన పేషెంట్లకి కూడా ఇక్కడి వైద్య గైడ్‌లైన్స్ డీక్లా చేయించమని చెప్పవు, మోటుగా ఆడొద్దు, గీరితే వెంటనే కడుక్కోండి, పిల్లికి గోమార్లు (ఫ్లీస్) లేకుండా చూసుకోండి అనే చెప్తాయి. ఈ గోమార్ల సంగతి చాలామందికి తెలియదు. పిల్లి గీరితే వచ్చే జ్వరం, చంకలోనో మెడలోనో బిళ్ల కట్టడం, దానికి కారణం బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా, అది గోమార్ల రెట్టలో ఉండి గోళ్లకి అంటుకుని వస్తుంది. టెక్సాస్ ఎండలకి గోమార్లు ఏడాదంతా ఉంటాయి, మిరియం బయటికి వెళ్లకపోయినా లడ్డు రోజూ గడ్డిలో తిరిగి తెస్తాడు, కాబట్టి రెండిటికీ నెలనెలా మందు వేయాల్సిందే. ఒక జాగ్రత్త, కుక్కల మందు పిల్లికి వేయకండి, పెర్మెత్రిన్ ఉన్న కుక్కల చుక్కలు పిల్లికి ప్రాణాంతకం, వేసిన కుక్కని కూడా ఆరేదాకా పిల్లి నాకకుండా దూరంగా ఉంచాలి.

అమ్మగారికి గీరితే పారే నీళ్ల కింద సబ్బుతో బాగా కడగండి, పసుపు, కాఫీపొడి లాంటివి అద్దనివ్వకండి. షుగర్ ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, గీత పడినా తెలియదు, అందుకే ఇంట్లో చెప్పులో సాక్సులో వేసుకోమనండి, రాత్రి పడుకునే ముందు పాదాలు మీరు ఒకసారి చూడండి. పిల్లులు చీర కుచ్చిళ్లు కదిలితే ఎగబడతాయి, ఆ టైమ్‌లో గోళ్లు కట్ చేసి ఉండటం చాలా ఉపయోగం, ఆమె వచ్చే రెండు మూడు రోజుల ముందు కట్ చేసేయండి. కాటు పడితే మాత్రం ఇంట్లో చూసుకుందాం అనుకోవద్దు, పిల్లి పన్ను సన్నగా లోతుగా దిగుతుంది, పైన చిన్న చుక్కే కనపడుతుంది, లోపల ఒక్క రోజులో వాచి చీము పట్టొచ్చు, అదే రోజు అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్లి యాంటీబయాటిక్ అడగండి. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఇలాంటివి కవర్ అవుతాయో లేదో చదివి తీసుకోండి.

ఇంకోటి, ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్లు పిల్లి గీరగానే రేబిస్ సూదులంటారు. మన దగ్గర వీధి పిల్లి గీరితే అది సరైన పనే, వెంటనే వెళ్లి వేయించుకోవాలి. మీ రెండిటికీ రేబిస్ టీకా టైమ్‌కి పడి ఉంటే ఆ కాగితం అమ్మకి చూపించండి, ఆమెకీ ధైర్యంగా ఉంటుంది. టెక్సాస్‌లో ఆ టీకా కుక్కకీ పిల్లికీ తప్పనిసరి కూడా.


మిరియం_వాళ్లక్క:

అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే, మేం ముగ్గురం కూర్చుని మొత్తం చదివాం. లడ్డు వాళ్లమ్మ తనంతట తనే హాల్లో లీష్ వేస్తానంది, వారం కూడా కాలేదు గానీ వాడు ట్రీట్ డబ్బా చప్పుడైతే మిరియంని వదిలేసి అటు పరిగెడుతున్నాడు. గేట్ ఆర్డర్ పెట్టాం. గేట్, క్యాట్ ట్రీ, పోస్ట్ ఖర్చు ముగ్గురం పంచుకున్నాం, ఎవరి జంతువు ఏం పాడుచేస్తే డిపాజిట్‌లో ఎవరు కట్టాలో కూడా ఒక కాగితం మీద రాసుకున్నాం, అది రాసుకున్నాక మూడో అమ్మాయి కూడా చల్లబడింది. నిన్న క్లినిక్‌లో దగ్గరుండి గోళ్లు కట్ చేయించా, అక్క చెప్పినట్టు నిజంగానే చివర చాలా కొంచెమే తీశారు.

ఒక్క డౌట్ మిగిలింది. మిరియం నా ఒక్కదాని ఒళ్లోనే కూర్చుంటుంది. ఇంట్లో కట్ చేసేటప్పుడు రెండో మనిషి పట్టుకోవాలా, నేనొక్కదాన్నే చేయొచ్చా? లడ్డుని అప్పుడు ఎక్కడ పెట్టాలి?


వెట్‌టెక్_ఒహాయో:

ఒక్కదానివే చేయొచ్చమ్మా, అదే నయం. నేల మీద కూర్చుని దాని వీపు నీ పొట్టకి ఆనేట్టు, మొహం అటు వైపు ఉండేట్టు ఒళ్లో పెట్టుకో, ఎదురుగా పెట్టుకుంటే కత్తెర చూసి భయపడుతుంది. ఎడమ చేత్తో పాదం, కుడి చేత్తో కత్తెర, అది నాక్కునే ట్రీట్‌ని ఒక ప్లేట్ మీద రాసి ముందు పెట్టు, అది నాకుతుండగా చేసెయ్. రెండో మనిషి కావాలనిపిస్తే ఆ ప్లేట్ పట్టుకోవడం వరకే, పిల్లిని కాదు. లడ్డు వేరే గదిలో, తలుపేసి, లేదా ఆ టైమ్‌కి వాకింగ్‌కి పంపించండి, గుమ్మం అవతల వాడు ముక్కుతో శబ్దం చేస్తున్నా అది కుదురుగా కూర్చోదు. కట్ చేశాక మొనలు కొంచెం గరుకుగా ఉంటాయి, ఒకట్రెండు రోజులు పోస్ట్ ఎక్కువ గోకుతుంది, అది మామూలే. ఏదైనా వేలు వాచినా, కుంటుతున్నా, గోరు మందంగా మెత్తలోకి వంగి ఉన్నట్టు కనపడినా నువ్వు కట్ చేయకుండా క్లినిక్‌కి తీసుకెళ్లు.